పంతులమ్మ చావనివ్వని తల్లి

మాఘమాసం, శనివారం. పొద్దున బావినీళ్ళు తోడి, వాకిలి చల్లి, జొన్నలు చెరిగి, పెరుగు చిలికి వెన్న తీసినాను. ఎప్పటిలాగే ఒక చెంబు నిండా సల్ల పోసి గడప దగ్గర పెట్టిన తరువాత గుర్తుకు వచ్చింది, దానికోసం వచ్చే మనిషి ఇక లేరని. మా మేడ్చల్ చర్చి బడి పంతులమ్మగారు ఈ సోమవారం తెల్లవారుజామున కన్నుమూసినారు. చలికాలంలో పట్టిన జ్వరం ఆమెను విడవలేదు.

చెంబు ఆమెదే. సాయంత్రం నిండుది తీసుకొని పోయి, పొద్దున ఖాళీది పంపేవారు. ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఇప్పుడు నాగారంలో, జీడిమెట్లలో, బహదూర్‌పల్లిలో కాపురాలు చేసుకుంటున్నారు. కబురు అందనివారికి చేరుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

యుద్ధం రోజుల్లో, కిరసనాయిలు కార్డు మీద దొరికే కాలంలో, మా అక్క చనిపోయింది. శామీర్‌పేట నుంచి ఆమె బిడ్డను నేను తెచ్చుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల. ఎవరితోనూ మాట్లాడేది కాదు. నేను చేసిన రొట్టె ముట్టేది కాదు. ఏ బెల్లంముక్కో నోట్లో వేసుకొని గోడవైపు తిరిగి పడుకునేది. రోజురోజుకూ చిక్కిపోతున్న పిల్లను చూసి, ఇది దక్కుతుందా అని మాకు భయం పట్టుకుంది. చదువుకోసం కాదు, నలుగురు పిల్లల మధ్య కూర్చుంటుందని బడికి పంపినాను.

శనివారం మధ్యాహ్నాలు పంతులమ్మగారు బడి అరుగు మీద ఒక ఇంగ్లీషు నవల చదివేవారు. చదవడమంటే, పుస్తకంలో చూస్తూ తెలుగులో చెప్పడం. మంచు కురిసే దేశంలో పెరిగే ఒక ఆడపిల్ల కథ అది. పిల్లను తీసుకురావడానికి పోయినప్పుడల్లా నేనూ స్తంభం పక్కన నిలబడి వినేదాన్ని. కథకన్నా పిల్లల ప్రశ్నలే ఎక్కువ.

“చెరువు నీళ్ళు రాయి లెక్క అయితే బిందె ఎట్ల ముంచుతరు, పంతులమ్మా?”

“గొడ్డలితోని పలగ్గొట్టి, కాగుల ఏసి కాగవెడతరు.”

“మరి కట్టెలెవరు దెస్తరు?”

“నీ లెక్క ముచ్చట్లు వెట్టేటోళ్ళు మాత్రం తేరు.”

ఒక ముస్లిం రైతు బిడ్డ ఉండేది, చాలా చురుకైన పిల్ల. “ఎండకాలం ఆడ పొద్దే గూకదంటివి గద. మరి రోజా ఎప్పుడు ఇడుస్తరు?” అని అడిగింది. పంతులమ్మగారు, “తెల్వదు బిడ్డా. కనుక్కొని చెప్త” అన్నారు. పంతులమ్మకు గూడ తెల్వదంట అని పిల్లలు నవ్వితే ఆమె కూడా నవ్వినారు. మసీదు పెద్దమనిషిని అడిగి, పై శనివారం మొట్టమొదట ఆ జవాబే చెప్పినారు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఆమెకు చేతకాదు.

అలాంటి మనిషి ఒక అబద్ధాన్ని వారాల తరబడి చెప్పినారు. నేను రాయదలచింది దాని గురించే.

సల్లకోసం మా ఇంటికి రావడం మొదలుపెట్టింది అప్పుడే. వచ్చి పీటమీద కూర్చొని మా అక్క గురించి అడిగేవారు. పిల్లకు జడ ఎట్ల వేసేది? తలకు పోసేటప్పుడు ఏమనేది? కోపమొస్తే ఏం చేసేది? అడిగినదానికల్లా వరుసగా చెప్పేదాన్ని. ఒకనాడు మాత్రం ఉండబట్టలేక, “గివన్ని ఎందుకు పంతులమ్మా?” అన్నాను.

ఆమె చెంబు కింద పెట్టినారు. “ఆ పుస్తకంల పిల్లకు తల్లి సచ్చిపోతది, చెల్లె. తండ్రి తప్ప ఇంకెవ్వరుండరు. ఆ పేజీ కాడికొచ్చేసరికి మీ పిల్ల ముందు వరుసల గూసొని నా నోట్లకే చూస్తాంది. నాతోని గాలె. తల్లిని బతికిచ్చిన.”

“మరిప్పుడు?”

“ఇప్పుడేంది, బతికినామెకు రోజూ పని జెప్పాలె గద. నాకు పిల్లలు లేకపాయె. తల్లులు ఏం జేస్తరో నాకేమెరుక? అందుకే నిన్ను అడుగుతున్న.”

ఆ శనివారం నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను. బయట మంచు కురుస్తున్నది. లోపల తల్లి పొయ్యి రాజేసి రొట్టె కాల్చింది. మొదటి రొట్టెను నాలుగు మడతలు వేసి, తండ్రికన్నా ముందు బిడ్డ చేతిలో పెట్టి, “మొదటిది నా బంగారుకే” అన్నది. అది మా అక్క మాట. నేను స్తంభం పట్టుకున్నాను.

అప్పుడు మా పిల్ల నోరు విప్పింది. “ఆడ గూడ మొదటి రొట్టె బిడ్డకేనా?”

పంతులమ్మగారు పుస్తకంలో వేలు పెట్టి మూసినారు. “ఆడ గూడ.”

“మంచుదేశంల జొన్నలు యాడియి?” అన్నది వెనక నుంచి ఒక గడుసుది.

“బండ్లమీద పోతయి. నువ్వు ఊకో.”

ఆ సాయంత్రం పిల్ల వచ్చి పొయ్యి దగ్గర కూర్చొని చెయ్యి చాపింది. నాలుగు మడతలు వేసి ఇచ్చినాను. తిన్నది. అక్క అన్నట్టు “నా బంగారుకే” అని మాత్రం అనలేకపోయినాను.

తరువాత పిల్ల సికింద్రాబాదు హాస్టలులో చేరి ఇంగ్లీషు నేర్చుకుంది. మొన్న సెలవులకు వచ్చి, జ్వరంతో ఉన్న పంతులమ్మగారికి ఆ పుస్తకమే చదివి వినిపిద్దామని, బడిలో తీసి ముందుగా తిరగేసింది. ఇంటికి వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

“చిన్నమ్మా, గీ పుస్తకంల అమ్మ సచ్చిపోయింది. నీకు ఎరుకేనా?”

“ఎరుకే.”

“మరి మేము విన్న అమ్మ ఎవరు?”

“మీ అమ్మనే. నేను చెప్తే పంతులమ్మ చదివింది.”

ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు. గోడవైపు తిరిగి పడుకుంటే, మళ్ళీ ఆ పాత రోజులు వచ్చినాయేమో అని భయపడ్డాను. మరునాడు పొద్దున్నే లేచి పంతులమ్మగారి దగ్గరికి పోయింది. సల్ల చెంబు పట్టుకొని నేనూ వెనకే పోయినాను. పిల్ల మంచం పక్కన కూర్చొని ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది. పంతులమ్మగారు కళ్ళు మూసుకొనే, “అది గాదు బిడ్డా. మనది చదువు” అన్నారు.

పిల్ల పుస్తకం మూసింది. పొయ్యి రాజేయడం నుంచి చెప్పింది. జడ, తలస్నానం, కోపం, మొదటి రొట్టె, అన్నీ వరుసగా చెప్పింది. పంతులమ్మగారి పెదవులు ఆ మాటలతోపాటే కదిలినాయి. ఆ తరువాత ఆమె ఎక్కువ రోజులు లేరు.

ఈ మధ్యాహ్నం పిల్లలు అలవాటు కొద్దీ బడి అరుగు మీద చేరినారు. జ్వరం రాకముందు పంతులమ్మగారు వాళ్ళకు ఆ నవలే చదువుతూ, చలికాలం మొదలైన చోట ఆపినారట. మా పిల్ల పోయి ఆమె జాగాలో కూర్చున్నది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదివింది. తల్లి చనిపోయింది.

అందరికన్నా చిన్నపిల్ల అడిగింది. “ఇగ ఆ పిల్లకు రొట్టెలు ఎవరు జేస్తరు?”

మా పిల్ల తల ఎత్తింది. చెంబుతో స్తంభం పక్కన నిలబడిన నావైపు చూసింది.

“వాళ్ళ చిన్నమ్మ.”

“మొదటిది ఆ పిల్లకే ఇస్తదా?”

“ఆ పిల్లకే.”

ఆ పుస్తకంలో చిన్నమ్మ ఎక్కడా లేదు.

సల్ల పిల్లలందరికీ పోసినాను. చెంబు కడిగి, పంతులమ్మగారు కూర్చునే చోటి పక్క కిటికీలో బోర్లించినాను. అంచు నుంచి చాలాసేపు నీళ్ళు కారినాయి.

పంతులమ్మగారి చెంబు బడికి ముట్టింది.