వెనక అరుగు మీదికి ఏ పడవ?

మా ఆయన సరంగు. రేవులో ఒక పెద్దింటివాళ్ల షికారు లాంచీ నడుపుతాడు. నీళ్ల మీద ఉన్నంతసేపూ మనిషికి తిరుగులేదు. గాలి ఎటు మళ్లుతుందో, ఇసుక ఎక్కడ మేట వేసిందో అడక్కుండానే చెప్పేస్తాడు. గట్టెక్కాడో, అయిపోయింది! చెప్పుల కొట్లో కూర్చోబెడితే నల్లవా, గోధుమరంగువా అని మధ్యాహ్నం దాకా మీనమేషాలు లెక్కపెడతాడు. ఆఖరికి కొట్టువాడే జాలిపడి ఏదో ఒక జత సంచీలో వేసి పంపిస్తాడు. అలాంటి మనిషికి యజమాని అప్పజెప్పిన పని చూడండి: "సరంగు గారూ, మన డింగీ మార్చేద్దాం. ఏది కొనాలో మీరే చూసి చెప్పండి."

డింగీ అంటే లాంచీకి తోడుండే చిన్న పడవ. లాంచీ ఒడ్డు దాకా వస్తే అడుగు తగులుతుంది కాబట్టి మనుషుల్ని గట్టుకి చేర్చేది అదే. లాంచీ వెనకాల, నీళ్లకి జానెడు పైన, ఈతకి దిగడానికి ఒక చెక్క అరుగు ఉంటుంది. ప్రయాణంలో డింగీ కాపురం ఆ అరుగు మీదే. దాని ఒక అంచుని అరుగు కొక్కేలకి తగిలించి, రెండో అంచుకి తాడు కట్టి లాగితే పడవ లేచి పక్కవాటుగా నిలబడుతుంది. ఆ లాగడం సరంగు పని. చిక్కంతా అక్కడే వచ్చింది.

పోయినేడు ఆ తాడు లాగుతుంటేనే మా ఆయన కుడి భుజం కీలు తప్పింది. డాక్టరు సరిచేశాడు గానీ, చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేవడం మానేసింది. అప్పట్నుంచీ పొద్దున చొక్కా తొడిగేదాన్ని నేనే. యజమానికి మాత్రం "మెడ పట్టేసిందండీ" అని చెప్పి నెట్టుకొస్తున్నాడు. పాత డింగీ చిన్నది, రబ్బరుది, ఎడం చేత్తో ఎలాగో లాగేవాడు. ఇప్పుడు బరువుది వస్తే గుట్టు రట్టయిపోతుంది. చెయ్యి లేవని సరంగుని ఎవరు ఉంచుకుంటారు? పోనీ వేరే పనేదైనా వచ్చా అంటే అదీ లేదు. నా బెంగంతా అదే.

"ఇందులో ఆలోచించడానికి ఏముందయ్యా? అన్నిట్లోకీ తేలికది చూపించు, గొడవ వదిలిపోతుంది" అన్నాను.

"అంతేనంటావా?" అన్నాడు.

అన్నం తింటూ మళ్లీ "అంతేనంటావా?" చెప్పులు వేసుకుంటూ కూడా అదే. నాకు ఒళ్లు మండి, తాడో పేడో తేల్చేద్దామని నేనూ వెంట బయల్దేరాను.

పడవల కొట్టు రేవు పక్కనే, పొడుగాటి రేకుల షెడ్డు. గుమ్మంలో కాలు పెట్టామో లేదో అమ్మేవాడు మొదలెట్టాడు. అరుగు ఎంత బరువు ఆపుతుంది? మోటారు విప్పి ఎత్తుతారా, ఉంచే ఎత్తుతారా? అడుగు రబ్బరుది కావాలా, రేకుదా? గాలి తీసి మడిచి పెట్టుకుంటారా? మా ఆయన అన్నిటికీ ఒకేలా తలాడించాడు. అది అవునో కాదో ఆ అమ్మేవాడికి తెలీలేదు, నాకూ తెలీలేదు. నా కళ్లకి ఆ పడవలన్నీ బూడిదరంగు దిండ్లలా ఒక్కలాగే ఉన్నాయి.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి రబ్బరు అడుగుది, నేనే చంకలో పెట్టుకుని పోయేంత తేలిక. రెండోది రేకు అడుగుది, దుంగలాంటిది. రెంటినీ మా ఆయన కొట్టు వెనకాల నీళ్లలో వేయించాడు.

"ఎక్కు" అన్నాడు నాతో.

"నేనెందుకూ?"

"పెద్దావిడ కూడా నీ అంతే ఉంటారు."

పెద్దావిడ అంటే యజమాని తల్లి, మోకాళ్ల నొప్పుల మనిషి. నా ఒళ్లు ఇలా పనికొస్తుందనుకోలేదు! తేలిక పడవ మధ్యలో కాలు పెట్టబోయాను.

"అలా కాదు. ఆవిడ కాలు అంత దూరం చాపలేరు, అంచు మీదే వేస్తారు. నువ్వూ అంచు మీదే వెయ్యి."

వేశాను. పడవ తిరగబడింది. నేను నడుం లోతు నీళ్లలో ఉన్నాను, అమ్మేవాడు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. తిట్టుకుంటూ లేచి, రెండోదాని అంచు మీద కాలేశాను. అది కాస్త ఒరిగి, అలాగే నిలబడింది.

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఇది మంచిదే. కానీ దీన్ని నేను ఎత్తలేనే!"

"అయితే తేలికదే తీసుకో. ఆవిడని మధ్యలో కాలు పెట్టమని చెప్పు."

"పెట్టలేకపోతే?"

"పడతారు."

"అదేగా" అన్నాడు. ఒకసారి దీన్ని చూస్తాడు, ఒకసారి దాన్ని చూస్తాడు, ఒకసారి తడిసిన నన్ను చూస్తాడు. ఏడవాలో నవ్వాలో నాకు అర్థం కాలేదు.

అంతలో యజమాని దిగాడు. షెడ్డులో నమూనాగా ఒక అరుగు, కొక్కేలూ బిగించి ఉన్నాయి. అమ్మేవాడు హుషారుగా ఆ రేకు అడుగుదాన్నే తెప్పించి కొక్కేలకి తగిలించి, తాడు మా ఆయన చేతికిచ్చాడు. "ఎత్తి చూపించండి సార్!"

మా ఆయన ఎడం చేత్తో లాగాడు. సగం లేచి దబ్బున కింద పడింది.

"ఏమైందండీ?" అన్నాడు యజమాని.

ఆ మాత్రం అబద్ధం చెప్పడం కూడా రాలేదు మహానుభావుడికి. "నా భుజం లేవదండీ. పోయినేటి నుంచీ అంతే. మీకు చెప్పలేదు. పడవ మాత్రం ఇదే తీసుకోండి. అమ్మగారు అంచు మీద కాలేసినా ఆగుతుంది."

"మరి రోజూ దీన్ని ఎవరు లాగుతారు?"

"నా తర్వాత వచ్చేవాడు."

అంత నెమ్మదిగా అన్నాడండీ ఆ మాట! చెప్పుల రంగు తేల్చుకోలేని మనిషి! నాకేమైందో ఇప్పటికీ తెలీదు. తేలికది తీసుకోమని ఇందాకటి దాకా మొత్తుకున్నదాన్ని, తడి బట్టలతోనే వెళ్లి ఆ తాడు అందుకున్నాను. లాగాను. పడవ మొత్తం లేచి నిలబడింది. అయితే ఆ తాడు కట్టడం నాకు రాదు. మా ఆయన వచ్చి, నేను పట్టుకుని ఉండగానే, నా చేతుల కింద నుంచి ముడి వేశాడు.

యజమాని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆ ముడిని ఒకసారి గుంజి చూశాడు. "అమ్మని దింపేటప్పుడు కూడా ఇద్దరూ ఉంటారా?"

"ఉంటాం బాబూ" అన్నాను నేనే.

ఇంటికొచ్చాక తీరిగ్గా అడిగాడు: "తేలికది తీసుకోమన్నది నువ్వే కదే. మరి దీన్నెందుకు లాగావు?"

"నాకేం తెలుసు? ముందు చెయ్యెత్తు, చొక్కా తియ్యాలి" అన్నాను.

ఎత్తగలిగినంత ఎత్తాడు. మిగతాది నేను లాగాను.