వేషం దించే చేయి

కొబ్బరినూనె అరచేతిలో పోసుకుంటే చాలు, సంగప్ప కాక పక్కన నిలబడ్డట్టే ఉంటుంది నాకు. నిన్న నారాయణఖేడ్‌లో షూటింగ్ ముగిశాకా అంతే. కాకది మా పక్కిల్లు. వయసులో బాగోతాల్లో రాణి వేషాలు కట్టాడు. ముసలితనంలో ఒక సినిమాలో ఊరిపెద్దగా నవ్విన నవ్వుతో నాలుగు జిల్లాల జనానికి చుట్టమయ్యాడు. నాకు నటన నేర్పింది ఆయనే. ఆయన పోయి కొన్నేళ్లయింది.

కాలేజీ రోజుల్లో, బోరంచ జాతరలో రాణి వేషంతో నా మొదటి ఆట. అందరూ నన్నే చూస్తున్నారన్న మురిపెంతో ముఖం కడగకుండానే విస్తరి ముందు కూర్చున్నాను. కాక వచ్చి విస్తరి పక్కకు జరిపాడు.

"ఏందే సుగుణా, గీ ఆకలి నీదా, రాణిదా?"

"నాదే కాకా!"

"అయితె రాణిని దించి రా."

అమ్మ కొంగుతో తుడవబోతే అడ్డుపడ్డాడు. "వద్దు వదినె. కట్టినోళ్లే దించుకోవాలె." అది వాళ్ల మేళం కట్టుబాటు. ఆట అయ్యాక ఎవరి ముఖానికి వాళ్లే నూనె రాసి కడుక్కోవాలి, అద్దంలో చూసి తమ పేరు తాము చెప్పుకోవాలి. ఆ తర్వాతే అన్నం. నాకు ఒళ్లు మండింది. అయినా అద్దం ముందు నా పేరు చెప్పుకున్నాక ఎందుకో హాయిగా అనిపించింది. సినిమాలో చేసినప్పుడూ కాక ఈ పద్ధతి వదల్లేదు. మేకప్ మనిషి తుడవడానికొస్తే, "నువ్వు వేసినవు, మంచిగుంది. దించేది నేను" అని నూనెసీసా లాక్కునేవాడట.

ఈమధ్య ఆ సినిమాకు రెండో భాగం మొదలుపెట్టారు. డైరెక్టర్ వచ్చి, కాక భార్య నాగమ్మ చిన్నమ్మకు ఫోన్ చూపించాడు. ఏఐతో కాకను మళ్లీ తయారుచేశారు. అదే గొంతు, అదే నవ్వు. కాక ఎన్నడూ అనని మాటలు అంటున్నాడు. చిన్నమ్మ సరే అంటే సినిమా అంతా ఆయనే ఉంటాడట. ఆమె తెరను వేలితో నిమిరింది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి, అబద్ధమెందుకు.

"గిట్లనే నవ్వుతుండె," అని చిన్నమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమంటవే?"

"ఆట అయినంక కాక మొఖం ఎవరు కడుగుతరు చిన్నమ్మా?"

డైరెక్టర్‌కు అర్థం కాలేదు. చిన్నమ్మకు అర్థమైంది. ఫోన్ అతని చేతికిచ్చేసింది.

"వద్దు సారూ. దించుకోనీకి ఆయన లేడు."

"మరి ఆ వేషం ఎవరు వేస్తారు?" అన్నాడతను. నేను వేస్తానన్నాను. నవ్వాడు. నవ్వితే నవ్వనీ. కాక రాణి వేషం కట్టగా లేనిది, నేను ఊరిపెద్ద వేషం కట్టలేనా? తలపాగా చుట్టి, మీసం అంటించి, ఒక్క సన్నివేశం చేసి చూపించాను. అతని నవ్వు ఆగిపోయింది. వేషం నాకే వచ్చింది.

నిన్న ఆఖరి షాట్ అయ్యాక, చూడవచ్చిన చిన్నమ్మ నన్నే చూస్తూ ఉండిపోయింది.

"జరసేపు గట్లనే ఉండవే."

ఉన్నాను. ఆ మీసంతో, ఆ తలపాగాతో ఆమె పక్కనే కూర్చున్నాను. కాసేపటికి తనే నూనెసీసా నా చేతిలో పెట్టింది.

"ఇగ దించు బిడ్డా. బువ్వ సల్లారుతుంది."

మీసం తీశాను. నూనె రాసి, ముఖం కడుక్కుని, అద్దంలోకి చూసి "నేను సుగుణను" అన్నాను. కడుపులో ఆకలి కరకరలాడుతోంది. నా ఆకలే.