కేసు కొట్టేయించింది దేవుడు కాదు

సహోదరులారా, సహోదరీలారా, ఆరేళ్ల క్రితం ఈ పార్సిప్పనీ సంఘంలోనే, ఈ మైకు ముందే, నా మీద పెట్టిన తప్పుడు కేసును దేవుడు కొట్టేయించాడని సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టారు. అది అబద్ధం! దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ రోజు నిలబడ్డాను.

ఇక్కడ అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాదే నా ఉద్యోగం పోయింది. ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చి నా భార్య సుకన్యను కొట్టాను, ఒక్కసారి కాదు, చాలాసార్లు. చివరికి పక్క అపార్ట్‌మెంటు ఆవిడ పిలిస్తే పోలీసులు వచ్చి నన్ను అరెస్టు చేశారు. మర్నాడే మన సంఘ పెద్దలు బైబిలు పట్టుకుని సుకన్య దగ్గరికి వెళ్లారు.

"చూడమ్మా, కేసుంటే మీ ఆయన గ్రీన్‌కార్డు పోద్ది, ఇక సిటిజన్‌షిప్ సంగతి మర్చిపోవడమే. బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పెయ్, మేం ప్రేయర్ చేస్తాం."

విరిగిన మణికట్టుకు కట్టుతో ఆమె కోర్టులో అలాగే చెప్పింది. కేసు పోయింది. మనం దానికి అద్భుతమని పేరు పెట్టి కేకు కూడా కోశాం! దేవుని పేరుతో ఎంత ఘోరం చేశాం, సహోదరులారా!

ఈ ఏడాది సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తూ, ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న దగ్గర 'నో' అని నొక్కాను. వెనక నిలబడి చూస్తున్న సుకన్య, "ఏవండీ, నన్ను మళ్లీ జారిపడమంటారా?" అంది. సిగ్గుపడాల్సింది పోయి ఆమె మీద కేకలేశాను, ఆ ఫారం పంపేశాను.

ఇంటర్వ్యూ రోజు కారు పార్క్ చేసి, ఈ ఒక్కటీ ఇప్పించు ప్రభువా అని ప్రార్థించబోయాను. "ప్రభువా, నేను ఆమెను కొట్టాను" అన్న మాట ఒక్కటే నా నోట వచ్చింది, ఆరేళ్లలో మొదటిసారి. లోపల కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాక, ఆఫీసరు ఆ ప్రశ్న దాకా రాకముందే, ఫారంలో అబద్ధం చెప్పానని, భార్యను కొట్టి అరెస్టయ్యానని ఒప్పుకున్నాను. ఆ ఆఫీసరు కోర్టు కాగితాలు అడిగింది, పంపాను. మొన్న ఉత్తరం వచ్చింది: అప్లికేషన్ తిరస్కరించారు.

అది తెలిసి మనవాళ్లే ఫోన్లు చేస్తున్నారు. "అడక్కముందే చెప్పడమేంటి బ్రదర్, మతి పోయిందా?" అంటున్నారు. సుకన్య ఎలా ఉందని ఒక్కరూ అడగలేదే!

పౌరసత్వం రాలేదు గానీ, ఆ అబద్ధం చెరలో నుంచి దేవుడు నన్ను విడిపించాడు. సుకన్య నన్ను క్షమించానని ఇంకా అనలేదు, అనమని తొందరపెట్టే హక్కు నాకు లేదు. మీలో ఏ అక్క అయినా, ఏ చెల్లి అయినా ఇంట్లో ఇలా దెబ్బలు తింటుంటే, దేవుణ్ని నమ్ముకుని పోలీసులకు ఫోన్ చెయ్యండమ్మా. కంప్లైంట్ వెనక్కి తీసుకోమని బైబిలు పట్టుకుని ఎవరొచ్చినా, రేపు నేనే వచ్చినా, తలుపు తియ్యకండి. దెబ్బ తిన్నవారి పక్షాన నిలిచే దేవునికే మహిమ!