పసుపునీళ్ళు చల్లిన బోర్డు

ఇళ్ళకు కరెంటు రాని రోజుల్లో సిద్దిపేటలో ఒక సావుకారి తన వడ్లమిల్లుకు డైనమో తెప్పించాడు. దాన్ని చూసుకునే మిస్త్రీ మా ఆయన. మధ్యాహ్నం అన్నం తీసుకుపోయి, ఆయన తినేదాకా నేను ఆ గదిలోనే కూర్చునేదాన్ని. గోడకున్న చెక్క బోర్డు మీద గడియారాల్లాంటివి రెండు ఉండేవి. ఒకదాని ముల్లు వోల్టులు చూపేది, ఇంకొకదానిది ఆంపియర్లు. నేను అక్షరాలు, అంకెలు నేర్చుకున్నది తల నెరిశాకే. అప్పుడు నాకున్నది నోటిలెక్క ఒక్కటే. ఆయన ముద్ద నములుతూ అడిగేవాడు.

"నూటపది వోల్టులు, పది ఆంపియర్లు. భాగిస్తే ఎంతే?"

"పదకొండు."

"గదే అడ్డం. బల్బులు, తీగలు కలిసి కరెంటును ఎంత ఆపుతున్నయో గంత. మరి గుణిస్తే?"

"పదకొండు నూర్లు."

"గదే బలం. పదకొండు నూర్ల వాట్లు. మిస్త్రీ పెండ్లాం అనిపిచ్చుకున్నవ్."

"అట్లయితే నీ పని నాకియ్యి. నువ్వు ఇంట్ల రొట్టెలు కొట్టు."

ఆ దసరాకు మిల్లులో యంత్రాలన్నిటికీ పూజ చేశారు. సావుకారి తల్లి డైనమోకు బొట్లు పెట్టి, మామిడాకుతో పసుపునీళ్ళు చల్లింది. బోర్డు మీద ఇంకాస్త భక్తిగా చల్లింది. పెళ్ళిపందిట్లో చల్లినా, కొత్తగా కొన్న ఎద్దు మీద చల్లినా ఆమె చెయ్యి అట్లాగే ఉండేది. సాయంత్రం జమ్మికి బయలుదేరే ముందు దీపాలన్నీ వెలిగించారు. ప్రసాదం తింటున్న మా ఆయన బోర్డు చూసి ఆగిపోయాడు.

"వోల్టులు అవ్వే. ఆంపియర్లు పదకొండు అయినయ్. లెక్క కట్టు."

"అడ్డం పది. బలం పన్నెండు నూర్ల పది."

"బల్బు ఒక్కటి గూడ ఎక్కువ వెయ్యలే. ఆ నూటపది వాట్లు ఏడనో ఉత్తగ కాలుతున్నయ్."

వాకిట్లో ఉన్న సావుకారి దగ్గరికి పోయి, డైనమో ఆపాలన్నాడు.

"పండుగపూట దీపాలు ఆర్పుతవా? గా మాట నోట్లకెల్లి రానియ్యకు. జమ్మి తెచ్చుకున్నంక సూడు" అన్నాడు సావుకారి.

జమ్మి తెచ్చుకుని మేమంతా తిరిగి వచ్చేసరికి గదిలో చెక్క కాలిన వాసన. పూజకని కడిగిన నేల ఇంకా తడిగానే ఉంది. చెప్పులు లేని కాళ్ళతో నిలబడి, ఆయన బోర్డు వెనక్కి చెయ్యి పెట్టాడు. నన్ను పిలవను కూడా లేదు. ఎవరో డైనమోను తిప్పే ఇంజను ఆపారు. అప్పటికే అయిపోయింది.

"దసరానాడు దీపం ఆర్పుతా అన్నడు. అమ్మవారు ఊకుంటదా?" ఊరంతా ఇదే మాట. దినాలనాడు అందరూ కూడినప్పుడు, నీళ్ళు బోర్డు వెనక్కి దిగాయని, ఆయన అది ముందే కనిపెట్టాడని చెప్పాలనుకున్నాను. అపచారం చేసి చచ్చాడన్న మాట ఆయన మీద ఉండకూడదు.

దినాలకు ముందురోజు సావుకారి తల్లి మా ఇంటికి వచ్చింది. తిండి మానేసిందని విన్నాను. నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, బోర్డు ఇప్పినోళ్ళు ఎనుక తడి ఉన్నదన్నరు. నేను సల్లిన నీళ్ళేనా? నువ్వు గాడనే ఉన్నవ్. నిజం జెప్పు."



"కాదవ్వా. అమ్మవారే తీసుకపోయింది" అన్నాను.

ఆమె ఏడ్చి ఏడ్చి తేలికపడి పోయింది. దినాలనాడు నా ఎదురుగానే కూర్చుంది. జనం మళ్ళీ అదే మాట అన్నారు. మా అత్త నా వైపు తిరిగి అడిగింది: "నా కొడుకు నిజంగ అట్లన్నడా?"

నేను తల దించుకున్నాను.

మా అత్త బతికినన్నాళ్ళూ ప్రతి దసరాకు అమ్మవారి ముందు నిలబడి, కొడుకు తప్పు కాయమని లెంపలేసుకునేది.