తెంపుకొని తినే కాయ

ఆళ్లగడ్డ అవతల మా అక్కవాళ్ల చేనికి పోయేటప్పుడు నేను నంద్యాల నుంచి మిఠాయి తీసుకుపోయేవాణ్ని కాదు. జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకొని బస్సెక్కేవాణ్ని. చేనిగట్టు మీద కూర్చొని, పక్క చెట్టు నుంచి పచ్చిమిరపకాయ తెంపి, ఉప్పు అద్దుకొని రొట్టెతో కొరుక్కోవడానికి. ఆ కారానికి నా చెవుల్లోంచి పొగ లేచి, పక్క మడిలోని కొంగలు ఎగిరిపోయేవి. నమ్మనివాళ్లు పోయి కొంగల్ని అడగవచ్చు.

చిన్నప్పుడు ఎవరి చేలోనైనా ఇలాగే తినేవాళ్లం. తర్వాత మందులు కొట్టడం ఎక్కువై, తెంపిన కాయను నోట్లో పెట్టుకోవడానికి భయపడే కాలం వచ్చింది. మా బావ ఎగుమతికని మిరప వేశాకే ఆ రుచి మళ్లీ నాకు దక్కింది. కాయలు కొనే కంపెనీ మనిషి ముందే ఖండితంగా చెప్పాడు: ఫలానా పురుగుమందు ఆనవాలు దొరికితే కాయలు పోయే దేశం సరుకంతా వెనక్కి పంపుతుంది. దాంతో మా బావ ఆ మందు మాని వేపనూనె కొట్టాడు, చేలో పురుగులు అతుక్కునే పసుపుపచ్చ జిగురు అట్టలు కట్టాడు. ముక్కూ మొహం తెలియని పరాయివాళ్ల కడుపు కోసం పెట్టిన కట్టడి, గట్టు మీద కూర్చున్న నా నోటికి వరమైంది. కాయలు కోసే మా అక్క చేతులు కూడా ఆ ఏళ్లలో మందుకు మంటలెత్తలేదు.

పురుగు కనబడినప్పుడల్లా మా బావ మనసు మాత్రం ఆ మందు వైపే లాగేది. అప్పుడు నా కథలు అక్కరకొచ్చేవి.

"ఆడ ఓడరేవులో ఒక ముసలామెను జీతమిచ్చి పెట్టుకున్నారు బావా. కాయ నాలిక్కి ఆనించి, మందు పొద్దున కొట్టినారో మాపున కొట్టినారో చెప్తాది. ఆమె తూ అని ఉమ్మితే ఓడ వెనక్కే."

"పెండ్లయిందా ఆమెకు?"

"అయింది. మొగుడు బీడీ తాగొచ్చినాడని ఆ పొద్దే ఎల్లగొట్టింది."

"నీ నోట్లో ఒక్క నిజమన్నా పుడ్తాదా బామ్మర్దీ? కాయలు మేసేదానికి ఎన్ని ఏషాలు!" అని నవ్వేవాడు మా బావ. కానీ మందు జోలికి పోయేవాడు కాదు.

ఈ ఏడు పూత మీద నల్లతామర పురుగు పడింది. పూలు రాలిపోతుంటే మా బావకు అన్నం సహించలేదు. కంపెనీ మనిషి వచ్చిన రోజు నేనూ చేలోనే ఉన్నాను.

"ఇంగ ఆ మందు కొట్టుకోవచ్చన్నా. కొంచెం ఆనవాలున్నా తీసుకుంటారంట," అన్నాడతను.

"ఏందీ, ముసలామె చచ్చిపోయిందా?" అన్నాడు మా బావ, నన్ను చూస్తూ.

అతనికేమీ అర్థం కాలేదు. విషయం మాత్రం వివరంగా చెప్పాడు. ఆ దేశం ఇంకో పెద్ద దేశంతో వ్యాపార ఒప్పందం చేసుకుంది. ఆ పెద్ద దేశంలో పంటలకు ఇదే మందు కొడతారు. వాళ్ల సరుకును రానివ్వాలంటే ఆ మందుకు పెట్టిన హద్దు సడలించక తప్పలేదు. హద్దు అందరికీ ఒకటే కనుక మనకూ సడలింది.

"తినేవాళ్ల సంగతి వాళ్లు చూసుకున్నారు. ఈడ కోసేవాళ్ల చేతుల గురించి ఆ ఒప్పందంలో ఏమన్నా రాసినారా నాయనా?" అంది మా అక్క.

"అది నాకు తెల్దక్కా," అని అతను బండెక్కాడు.

నేను ఊరుకోలేదు. "బావా, ఆ ముసలామెకు కూతురుందంట, తల్లిని మించిన..." అని మొదలుపెట్టాను.

"చాలు ఆపు. పంట పోతే నీ కథలు అమ్ముకోని బతకల్లనా నేను?" అన్నాడు మా బావ. కసిరినట్టు లేదు, అలిసిపోయినట్టుంది.

మళ్లీ పోయేసరికి పూత నిలబడింది. చెట్లు కాపుతో వంగి, ఎప్పటికన్నా అందంగా ఉన్నాయి. గట్టు మీద కూర్చొని రొట్టె విప్పాను. చెయ్యి అలవాటుగా చెట్టు వైపు పోయింది. మా బావ గబుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు. నిన్ననే కొట్టినాం."

ఇన్నేళ్లూ నా తిండిని ఎగతాళి చేసిన మనిషి. ఇప్పుడూ ఏదో ఒకటి అంటాడని మొహంలోకి చూశాను. చెయ్యి వదిలి దూరంగా పోయాడు.

మా అక్క అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, "పచ్చడి తెచ్చినా, దాంతో తిను," అంది. తిన్నాను. తింటున్నంతసేపూ, గాలి వీచినప్పుడల్లా, ఒక కాయ నా మోకాలికి వచ్చి తగులుతూనే ఉంది.