రాగి చెంబులో నమూనా

మా దీవిలో, చౌల్దారీ ఊళ్ళో నీళ్ళు పరీక్షించే పని మహిళా సంఘం వాళ్ళు నాకు అంటగట్టారు. పెద్ద పనేం కాదు. సీసాను ఏ బావి నీళ్ళయితే ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి, అంచుదాకా నింపి, మూత బిగించాలి. కాగితప్పట్టీని అందులో ముంచి తీసి, దాని గళ్ళలో తేలిన రంగుల్ని పట్టీల డబ్బా మీది రంగులతో పోల్చుకోవాలి. అయితే నమూనా సరిగ్గా పట్టమంటే ఒక్కరూ వినరు. ఒకామె కాచి వడగట్టి ఇచ్చింది. ఇంకొకామె టీ వాసన వదలని ఫ్లాస్కులో పోసిచ్చింది.

పక్కింటి పెద్దమ్మ దగ్గరికి మాత్రం భయపడుతూనే వెళ్ళాను. పెద్దనాన్న కిడ్నీలు పాడై చనిపోయి అప్పటికింకా ఏడాది తిరగలేదు. వాళ్ళ బావి నీళ్ళే ఆయన్ని తినేశాయని వీధిలో ఎవరో అన్నారు. ఆ మాట ఆమెను నిద్రపోనివ్వడం లేదు. ఆయన తాగిన ప్రతి గ్లాసూ ఆమె చేత్తో ఇచ్చిందే మరి.

ముందురోజు నేనిచ్చిన సీసా గూట్లో ఖాళీగా ఉంది. బల్ల మీద తళతళలాడే రాగి చెంబు నిండా నీళ్ళున్నాయి.

“ప్లాస్టిక్ సీసాలో ఏటిస్తానమ్మా నీకు? చింతపండెట్టి తోమీసి, రాత్రే పోసుంచీసాను. పక్కా సాఫ్,” అంది పెద్దమ్మ.

నవ్వొచ్చింది. ఆమె తృప్తి కోసం అందులోనే పట్టీ ముంచాను. రాగిని చూపే గడి రంగు మారిపోయింది.

“ఏటే, జహర్ ఉందా? విషమా?” అంది.

“ఆగు పెద్దమ్మా, బావిలోంచి నేనే తోడతాను,” అని పెరట్లోకి పరుగెత్తాను. బొక్కెనతో తోడి, సీసా తొలిచి, నింపి, కొత్త పట్టీ ముంచాను. ఆమె నా భుజం పట్టుకుని నిలబడింది. ఒక్క గడి కూడా చెడ్డ రంగుకు తిరగలేదు.

సంతోషం పట్టలేకపోయాను. “నీ బావి భేషుగ్గా ఉంది పెద్దమ్మా! ఇందాకటి రంగు చెంబుది. పులుపు పట్టించిన రాగి నీళ్ళలోకి దిగుతుంది, అంతే.”

ఆమె నవ్వుతుందనుకున్నాను. బావిగట్టు మీద కూలబడింది.

“మీ పెద్దనాన్నకి రోజూ పొద్దున్నే ఆ చెంబు నీళ్ళే కదమ్మా ఇచ్చీదాన్ని. రాగి మంచిదని.”

ఆయన కిడ్నీలు తినేసింది షుగరని డాక్టరే చెప్పాడు కదా అన్నాను. ఆ కాస్త రాగికి మనుషులు పోరన్నాను. అన్నిటికీ తలూపింది. నేను చెప్పేది ఆమెకు చేరడం లేదని తెలుస్తూనే ఉంది. ఏడుపొచ్చింది నాకు.

“నీళ్ళు అదోలా ఉన్నాయే అని ఒకపాలి అన్నారమ్మా,” అంది పెద్దమ్మ. “చెంబు సరిగ్గా తోమలేదేమో అనుకున్నాను. మర్నాటి నుంచి ఇంకాస్త చింతపండెట్టి తోమినాను.”