ట్రాక్టర్ బాటలో నా పేరిటి టేకు మొక్క

పెళ్లైన ఏడాదే మా మామ నా పేరిట ఒక టేకు మొక్క నాటాడు. ఆయన తాడ్వాయి అడవిలో ప్లాంటేషన్ మేస్త్రీ. పాత చెట్లు కొట్టేసిన కూపు అనే అడవి ముక్కలో సర్కారు మళ్లీ టేకు పెట్టిస్తుంటే, పెద్దల్లుడి పేరిట ఒకటి, నా పేరిట ఒకటి ఒకే వానాకాలంలో పెట్టాడు. మూడేళ్లయింది. పెద్దల్లుడి చెట్టు ఇంటి కప్పు దాటిందని, నాది మోకాలు కూడా దాటలేదని కబురొచ్చింది. శ్రావణంలో చిన్న మరదలి పెళ్లి. చుట్టాలంతా వెళ్లి ఆ రెండింటినీ చూసి తీరుతారు.

"జర ఒకసారి పోయి సూసి రారాదూ? అక్క ముంగట నా మొఖం చెల్లుతలేదు" అంది మా ఆవిడ. మొగుడికి ఎదుగూ బొదుగూ లేదని చెట్టే చాటుతోందని ఆమె బాధ. నిజానికి బట్టల దుకాణంలో నా జీతం కూడా మూడేళ్లుగా మోకాలి దగ్గరే ఉంది. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారం సుబేదారి నుంచి నడిచి, హన్మకొండ బస్టాండులో ఆరున్నరకు ఏటూరునాగారం బస్సెక్కాను. వెళ్లదలచినవారు కుడివైపు కూర్చోకండి, ములుగు దాకా ఎండ మొహాన కొడుతుంది. ములుగులో బస్సు పావుగంట ఆగింది. చాయ్ పరవాలేదు, మిర్చి బజ్జీ మాత్రం వదలకూడదు.

"అడవిల ఏం పనే?" అన్నాడు పక్కసీటు రైతు.

"నా టేకు చూసి రావాలి."

"అబ్బో! ఎన్నెకరాలు?"

"ఒక్క మొక్క."

ఆయన నన్ను ఎగాదిగా చూసి కాస్త జరిగి కూర్చున్నాడు. పస్రా దాటాక రెండువైపులా అడవి, చల్లటి గాలి. తొమ్మిదిన్నరకు తాడ్వాయిలో దిగేసరికి మామ, మా తోడల్లుడు ఎదురు చూస్తున్నారు. తోడల్లుడు కలప కాంట్రాక్టర్ దగ్గర ట్రాక్టర్ డ్రైవర్.

"తమ్మీ, నీ చెట్టు మంచిగనే ఉన్నది. జర వంగి సూడాలె, గంతే" అన్నాడు.

ముగ్గురమూ కూపుకు నడిచాం. ముందురోజు రాత్రి వాన పడింది. తోడల్లుడి చెట్టు చాటలంత ఆకులేసుకుని నిలబడి ఉంది. నాది నీళ్లమడుగు మధ్యలో నాలుగు ఆకులతో ఉంది. పక్కనే ఒక కప్ప దాని నీడలో సర్దుకోలేక అవస్థ పడుతోంది. నాకు ఒళ్లు మండింది. మామ చేతిలో గడ్డపార లాక్కుని ముందు తోడల్లుడి చెట్టు దగ్గర వేశాను. జానెడు లోతు మెత్తగా దిగింది. నా మొక్క పక్కన వేస్తే ఖంగుమని ఎగిరి, భుజం అదిరింది. పైన వేలెడు బురద, కింద ఎండిన బెడ్డ. రాత్రంతా కురిసిన వాన లోపలికి పోనేలేదు.

"ఇదేందన్నా, సిమెంటు పోసినట్టున్నది?" అన్నాను.

"ఉండదా మరి! కూపు కొట్టినప్పుడు దుంగలన్నీ గీ బాటమీదనే గుంజిన. వానలల్ల గూడ బండి ఆపలె. నా ట్రాక్టర్ ఎన్ని ట్రిప్పులు తిరిగిందో..." అని గర్వంగా మొదలుపెట్టి, సగంలో నాలుక కరుచుకున్నాడు.

ముగ్గురమూ ఆ బాట పొడుగునా చూశాం. దానిమీద ఉన్న సర్కారు మొక్కలన్నీ పొట్టివే. వాటికి అల్లుళ్ల పేర్లు లేవు కనుక ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

"ఇంత అడవిల నన్ను గీడనే ఎందుకు పెట్టినవ్ మామా?"

మామ తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "పెద్దోనిది తుప్పల్ల పెట్టిన. నువ్వు దుకాణంల నీడపట్టున ఉండేటోనివి, ముండ్లల్ల ఎందుకని, సాపుగ, ఒక్క గడ్డిపోస లేని జాగ ఏరి పెట్టిన అల్లుడా. నువ్వంటే నాకు పాణం గదా."

కోపం ఎటుపోయిందో, నా కళ్లు చెమర్చాయి. గడ్డి కూడా మొలవని చోటని ఆయనకు తట్టలేదు, శుభ్రంగా ఉందనే మురిసిపోయాడు.

"మరి కొత్తల్లునిది యాడ పెడుదాం?" అన్నాడు మామ.

"తుప్పల్లనే!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

తర్వాత తోడల్లుడే అంగీ విప్పి, మధ్యాహ్నం దాకా నా మొక్క చుట్టూ నేల తవ్వి గుల్ల చేశాడు. పెళ్లినాటికి అది పెరగదని అందరికీ తెలుసు. మా ఆవిడకు చూపించడానికి ఒక బెడ్డను తువ్వాలలో మూటగట్టుకుని మూడు గంటల బస్సెక్కాను.

"ఏంది కొడుకా, గా మూట?" అంది పక్కనున్న ముసలమ్మ.

"మట్టిబెడ్డ. మా ఆవిడకు."

"పెండ్లానికి పూలు కొంటరు, చీరె కొంటరు. ఇదేం కాలమొచ్చెనమ్మా!" అని బస్సులో అందరికీ వినిపించేలా నిట్టూర్చింది.

మల్లంపల్లి దగ్గర బస్సు గతుకులో పడితే మూట ఎగిరి కిందపడింది. గబుక్కున అందుకున్నాను. విప్పి చూస్తే బెడ్డ అంచు కూడా రాలలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇలాంటి నేలలో వేరు దింపి, మూడేళ్లు బతికి, నాలుగు ఆకులు వేసింది నా మొక్క. ఇంటికి వెళ్లగానే మా ఆవిడకు ముందు ఈ మాటే చెప్పాలనుకున్నాను.